పెళ్ళి కాలేదు, పాప పుట్టబోతోంది: ఈ రొమాంటిక్ కామెడీకి ఇంటర్వెల్ ఎక్కడ వేయాలి?

కాడుగోడి_కథలు

నమస్తే అందరికీ. బెంగళూరులో ఉండే మనవాళ్ళ మీద ఒక రొమాంటిక్ కామెడీ రాస్తున్నాను. ట్రీట్‌మెంట్ (కథని సీన్లవారీగా క్లుప్తంగా రాసుకోవడం) అయిపోయింది, సీన్ ఆర్డర్ దగ్గర ముడి పడింది. లైన్ ఇదీ. భార్గవి, 32 ఏళ్ళు, రాజమండ్రి అమ్మాయి, వైట్‌ఫీల్డ్‌లో టెస్టింగ్ లీడ్. సుధీర్, 34, హిందూపురం, మారతహళ్ళిలో కర్రీ పాయింట్ నడుపుతాడు. ఒక ఫ్రెండ్ గృహప్రవేశంలో పరిచయమై కొన్ని నెలలు కలిసి తిరుగుతారు, తర్వాత ఏ గొడవా లేకుండానే విడిపోతారు, ఎందుకంటే అతను హిందూపురం వెళ్ళి అమ్మానాన్నల దగ్గర ఉంటూ హోటల్ పెట్టుకోవాలనుకుంటాడు, ఆమెకి బెంగళూరు వదిలే ఉద్దేశం లేదు. విడిపోయిన రెండు వారాలకి ఆమె గర్భవతి అని తెలుస్తుంది. బిడ్డని కంటానంటుంది. తండ్రిగా నేనూ ఉంటానంటాడు. మొగుడూ పెళ్ళాలం కాదు, అమ్మానాన్నలం మాత్రమే అని ఒప్పందం. అక్కణ్ణుంచి నెమ్మదిగా ప్రేమ.

ఇప్పుడున్న నిర్మాణంలో ఫస్టాఫ్ అంతా పరిచయం, ప్రేమ, విడిపోవడం. ఇంటర్వెల్‌కి ప్రెగ్నెన్సీ కిట్ మీద రెండు గీతలు. సెకండాఫ్‌లో తొమ్మిది నెలలు, రెండు కుటుంబాల గొడవ, సీమంతం. క్లైమాక్స్‌లో సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆటోలో నొప్పులు, అక్కడే అతను ప్రేమ చెప్పడం, పాప పుట్టడం, శుభం కార్డు. విన్నవాళ్ళందరూ సెకండాఫ్ జారిపోతోందంటున్నారు. సీన్లు విడివిడిగా నవ్విస్తున్నాయి కానీ ఒకదాన్నొకటి లాగట్లేదు. ఎక్కడ మార్చాలో చెప్పండి, మొహమాటం వద్దు.

సీన్_పేపర్

లైన్ నచ్చింది తమ్ముడూ, విడిపోయాక తెలియడం మంచి ఎత్తుగడ. కానీ ఆ రెండు గీతలు ఇంటర్వెల్‌కి పనికిరావు. టికెట్ కొన్నవాడికి ఆ సంగతి పోస్టర్ మీదే తెలిసిపోతుంది, ట్రైలర్‌లో ఎలాగూ పొట్ట చూపిస్తారు, అది దాచి ఈ సినిమాని ఎవరూ అమ్మలేరు. అంటే 70 నిమిషాల పాటు నువ్వు దాస్తున్నది జనానికి ముందే తెలిసిన విషయం. ప్రెగ్నెన్సీని 20వ నిమిషానికి లాక్కురా. పరిచయం, తిరగడం, విడిపోవడం ఒక పాట, నాలుగు సీన్లలో అయిపోవాలి, అది నిలబడని ప్రేమ కదా, నీ కథ దాని గురించి కాదు.

ఇంకోటి. ఇంటర్వెల్‌కి వార్త చాలదు. ఇద్దరిలో ఒకరు వెనక్కి తీసుకోలేని నిర్ణయం తీసుకోవాలి, థియేటర్లో కూర్చున్నవాళ్ళు అలా జరగకూడదని కోరుకుంటూ ఉండాలి. నీ కథలో అలాంటిది ఏముందో వెతుకు.

వైట్‌ఫీల్డ్_అమ్మ

నేను క్లైమాక్స్ గురించి మాట్లాడతాను. కాన్పు సీన్ పెడితే కన్నీళ్ళు వాటంతటవే వస్తాయి. బిడ్డ మొదటి ఏడుపు వినిపిస్తే ఎవరికైనా గొంతు పూడుకుపోతుంది, అందులో రచయిత చేసిందేమీ ఉండదు. ఆ ఊపులో ప్రేక్షకుడు సరే, వీళ్ళు కలిసిపోయారు అని ఒప్పేసుకుంటాడు. ఇంటికెళ్ళాక అడిగితే మాత్రం ఎందుకు కలిశారో చెప్పలేడు. పాప పుట్టింది కాబట్టి కలిశారా? అలాగైతే మూడో నెలలోనే పెళ్ళి చేసేసుకోవచ్చు, మిగతా సినిమా ఎందుకు?

మీ కథలో రెండు ప్రశ్నలున్నాయండీ. వీళ్ళు ఆ పాపని కలిసి పెంచగలరా అన్నది ఒకటి. వీళ్ళకి ఒకళ్ళకొకళ్ళు కావాలా అన్నది ఇంకోటి. మీరు రెండింటికీ ఆటోలోనే జవాబు ఇచ్చేస్తున్నారు, అందుకే రెండోది తేలకుండా మిగిలిపోతోంది. పాప వంక లేకుండా, పాప అవసరం అడ్డుపెట్టుకోకుండా, ఈ మనిషితోనే ఉంటాను అని వాళ్ళు తేల్చుకునే సీన్ ఒకటి కావాలి. అది ఎక్కడ పడుతుందో తేలితే మీ సెకండాఫ్ తేలినట్టే. ఆ సీన్ కాన్పుకి ముందు రాదని నా నమ్మకం. పాప పుట్టి, ఇంటికొచ్చి, నిద్రల్లేక ఇద్దరూ సోలిపోతున్న రోజుల్లో కదా ఎదుటి మనిషి ఎలాంటివాడో తెలిసేది.

బీటీఎమ్_బ్యాచిలర్

అక్కా, గౌరవంతోనే చెప్తున్నా, నేను ఒప్పుకోను. కాన్పు కంటే పెద్ద హై ఈ కథలో ఇంకేముంటుంది? దాన్ని మధ్యలో వాడేస్తే చివరి 40 నిమిషాలు ఏం చూపిస్తారు, డైపర్లా? థియేటర్లో ఫ్రెండ్స్‌తో కూర్చుని చూసే మాలాంటివాళ్ళకి ఒక పరుగు కావాలి, టెన్షన్ కావాలి. సిల్క్ బోర్డ్ దగ్గర ఎల్లో లైన్ మెట్రో వచ్చినా ట్రాఫిక్ అనగానే ఇప్పటికీ అందరికీ ఆ జంక్షనే గుర్తొస్తుంది, కాబట్టి ఆ సీన్‌కి ఇక్కడి జనం వెంటనే కనెక్ట్ అవుతారు. కావాలంటే ప్రేమ చెప్పడం ముందే పెట్టండి, కాన్పు మాత్రం చివర్లోనే ఉంచండి.

డ్యూటీ_డాక్టర్

ప్రసూతి వార్డులో పనిచేస్తాను కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. సినిమాల్లో ఉమ్మనీరు పోయిన పది నిమిషాలకి బిడ్డ పుట్టేస్తుంది. మొదటి కాన్పులో నొప్పులు మొదలై బిడ్డ బయటికి రావడానికి 12 గంటలు దాటడం మామూలు విషయం. మేము ఎక్కువగా చూసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నొప్పులు వచ్చాయని కంగారుగా ఇల్లంతా సర్దుకుని వచ్చేస్తారు, చూసి ఇంకా టైముంది, ఇంటికెళ్ళి అన్నం తిని రండి అని పంపేస్తాం. కొంతమంది మళ్ళీ మళ్ళీ వస్తారు. మీ పరుగు సీన్ ఇక్కడ పెట్టుకోండి. సుధీర్ సిల్క్ బోర్డ్‌లో కారు దిగి ట్రాఫిక్ క్లియర్ చేయించి, చెమటలు కక్కుతూ తీసుకొస్తే నర్సు ఇద్దర్నీ వెనక్కి పంపుతుంది. తిరుగు ప్రయాణం అదే ట్రాఫిక్‌లో, ఈసారి ఏ హడావుడీ లేకుండా, ఇద్దరూ మాట్లాడుకుంటూ. బీటీఎమ్ తమ్ముడు అడిగిన పరుగూ దక్కుతుంది, ప్రేమకి ఒక పొడవైన సీనూ దక్కుతుంది.

డ్యూ డేట్ ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 40 వారాలకి లెక్కేస్తాం, సరిగ్గా ఆ రోజే కనేవాళ్ళు నూటికి అయిదుగురి దరిదాపుల్లో ఉంటారు. కాబట్టి ఆ తేదీ మీద సస్పెన్స్ కట్టకండి, ఆ తేదీ ఏమీ జరక్కుండా వెళ్ళిపోవడం మీద కామెడీ కట్టండి. అలాగే మగో ఆడో ముందే తెలిసినట్టు ఒక్క డైలాగ్ కూడా రాయకండి. 1994 చట్టం ప్రకారం అది చెప్పడమూ నేరం, అడగడమూ నేరం. పొట్ట ఆకారం చూసి రెండు వైపుల పెద్దవాళ్ళూ పందెం కాసుకోవచ్చు, దానికి అడ్డు లేదు.

హెబ్బాళ_రీడర్

నాకు అన్నిటికంటే ముందు తట్టిన లోటు వేరే. భార్గవి బిడ్డని ఎందుకు ఉంచుకుంది? ట్రీట్‌మెంట్‌లో "కంటానంటుంది" అని ఒక్క ముక్కతో దాటేశారు. మన సినిమాల్లో అబార్షన్ అనే మాట ఎవరైనా ఎత్తారంటే వాళ్ళు విలనో, కన్నీళ్ళ కోసం తెచ్చిన పాత్రో అయ్యుంటారు. 2021 సవరణలో అబార్షన్ చట్టం భర్త అనే మాట తీసేసి భాగస్వామి అని రాసింది, 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు 24 వారాల దాకా ఉన్న వెసులుబాటు పెళ్ళికాని ఆడవాళ్ళకీ వర్తిస్తుందని తీర్పిచ్చింది. అంటే ఆమెకి నిజంగా రెండు దారులూ ఉన్నాయి. డాక్టర్ మామూలు గొంతుతో ఆ రెండు దారులూ చెప్పే సీన్ ఒకటి ఉండాలి, ఆమె రెండు రోజులు టైమ్ తీసుకోవాలి, తనకి కావాలి కాబట్టి కంటున్నానని తనకి తాను చెప్పుకోవాలి. సుధీర్‌కి చెప్పేది ఆ తర్వాతే. లేకపోతే తప్పక కంటున్న అమ్మాయి అవుతుంది, ఆ తర్వాత ఆమె మీద ఏ కామెడీ రాసినా నవ్వు రాదు.

డ్యూటీ_డాక్టర్

అవును, ఆ సీన్ తప్పకుండా పెట్టండి. మేము రోజూ అలాగే మాట్లాడతాం, ఉపన్యాసం ఇవ్వం. రెండు నిమిషాలు కూడా పట్టదు.

కాడుగోడి_కథలు

హెబ్బాళ గారూ, ఆ సీన్ 18వ నిమిషంలో వేస్తున్నాను, 20కి సుధీర్‌కి చెప్పడం.

సీన్_పేపర్ అన్నా, నువ్వు అడిగిన నిర్ణయం దొరికింది. సీమంతాన్ని ఇంటర్వెల్‌కి తెస్తాను. పెళ్ళికాని అమ్మాయికి సీమంతం ఏమిటని భార్గవి అమ్మ అయిదో నెల నుంచీ మాట్లాడటం మానేసింది. ఆఫీసు ఫ్రెండ్సే అపార్ట్‌మెంట్ పార్టీ హాల్లో గాజులు తొడగడానికి ఏర్పాటు చేస్తారు. ఆ పొద్దునే అమ్మ శేషాద్రి ఎక్స్‌ప్రెస్ దిగి, చెప్పాపెట్టకుండా, సంచిలో రాజమండ్రి గాజులతో వచ్చేస్తుంది. హిందూపురం నుంచి సుధీర్ వాళ్ళూ వస్తారు. అందరూ మెత్తబడిన ఆ క్షణంలో సుధీర్ అందరి ముందూ పెళ్ళి చేసుకుందాం అంటాడు. హాలంతా చప్పట్లు. భార్గవి వద్దంటుంది. "ఇవాళ పాప లేకపోతే నువ్వు ఇది అడిగేవాడివా?" అంటుంది, అతను తడబడతాడు. ఇంటర్వెల్.

సీన్_పేపర్

ఇది ఇంటర్వెల్. జనం ఔననమని కోరుకుంటుంటే ఆమె కాదంటుంది, పైగా ఆమె అన్నది కరెక్టని వాళ్ళకే అనిపిస్తుంది. వైట్‌ఫీల్డ్ గారు చెప్పిన రెండో ప్రశ్నని హీరోయిన్ నోటితోనే పైకి చెప్పించావు, ఇక సెకండాఫ్ అంతా దానికి జవాబు వెతకడమే. ఒక్క జాగ్రత్త. సుధీర్ తడబాటు నిజాయితీగా ఉండాలి. అబద్ధమాడి దొరికినట్టు రాస్తే వాడు చిన్నబోతాడు. జవాబు తనకీ తెలియకపోవడమే ఆ తడబాటు.

ఆ పైన కాన్పు 95వ నిమిషం దగ్గర. మిగిలిన 45 నిమిషాలకి ఒక గడువు కావాలి, గడువు లేని మూడో భాగం మళ్ళీ జారుతుంది.

కాడుగోడి_కథలు

గడువు 21 రోజులు పెడదామనుకుంటున్నాను. జననం నమోదు 21 రోజుల్లోపు చేయించాలి, మన బారసాల కూడా 21వ రోజునే పెట్టుకోవచ్చు. రెండూ ఒకే రోజు మీద పడతాయి. తండ్రి పేరు గడిలో ఏం రాయాలి అన్నది ఆఖరి రోజు దాకా తేలకుండా ఉంచుతాను. ఎలా ఉంది?

లా_పాయింట్

ఆలోచన బాగుంది కానీ ఆఫీసు పని అలా జరగదు. 1969 చట్టం ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ వివరాలు రిజిస్ట్రార్‌కి పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. ఫారం డిశ్చార్జికి ముందే మంచం దగ్గరికి వస్తుంది, తల్లి పేరు, తండ్రి పేరు, అడ్రసు అక్కడే రాయిస్తారు. కాబట్టి తండ్రి పేరు గడి 21వ రోజు దాకా ఆగదు. ఆగేది బిడ్డ పేరు. అది ఖాళీగా ఉంచి నమోదు చేయించుకోవచ్చు, 12 నెలల్లోపు ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు.

మీకు ఇది నష్టం కాదు, చూడండి. ఒకే చోట ఇరుక్కున్న రెండు సీన్లు విడిపోయాయి. డిశ్చార్జి రోజు తండ్రి పేరు, బారసాల రోజు పాప పేరు. డిశ్చార్జి సీన్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. 2015లో సుప్రీంకోర్టు ఒక కేసులో పెళ్ళికాని తల్లి అఫిడవిట్ ఇస్తే చాలు, తండ్రి ఎవరో చెప్పమని బలవంతపెట్టకుండా జనన ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పింది. అంటే ఆ గడి ఖాళీగా వదిలే హక్కు భార్గవికి ఉంది. ఆ హక్కు ఉండి కూడా ఆమె అతని పేరు రాయిస్తే అది తనంతట తాను చేసిన పని. పెళ్ళి వద్దన్న మనిషి తండ్రి పేరు రాయించడంతో మొదటి ప్రశ్న అక్కడికక్కడే ముగిసిపోతుంది. మిగిలిందల్లా రెండోదే.

వైట్‌ఫీల్డ్_అమ్మ

లా_పాయింట్ గారూ, ఇది చదివి చప్పట్లు కొట్టాను. ఆ సీన్‌లో డైలాగే వద్దు. ఆమె రాస్తుంది, అతను పక్కన నిలబడి చూస్తాడు, చాలు.

నాటకాల_మాస్టారు

బాబూ, ఆలస్యంగా వచ్చాను, మీరంతా వెతుకుతున్న నిర్మాణం కాళిదాసు దగ్గర ఉంది కాబట్టి చెప్పకుండా ఉండలేను. శాకుంతలం అనుకోని ప్రేమ, అనుకోని బిడ్డ, విడిపోవడం, తిరిగి కలవడం, ఇదే కదా. మహాభారతం ఆదిపర్వంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. శకుంతల కొడుకుని వెంటబెట్టుకుని సభకి వస్తుంది, దుష్యంతుడు తెలిసీ ఎరగనంటాడు, ఆకాశవాణి వీడు నీ కొడుకేనని చెప్తే ఒప్పుకుంటాడు. కొడుకు రుజువయ్యాడు కాబట్టి భార్య కూడా ఇంట్లోకి వచ్చింది. ఇందాక వైట్‌ఫీల్డ్ గారు వద్దన్నది సరిగ్గా ఇదే.

కాళిదాసు దాన్ని విడదీశాడు. అయిదో అంకంలో నిండు గర్భిణిగా సభలో తిరస్కారం. ఆరో అంకంలో జాలరివాడికి దొరికిన ఉంగరం రాజు చేతికొచ్చి, జ్ఞాపకం తిరిగొచ్చి, ఆమె కోసం కుమిలిపోతాడు, బొమ్మ గీసుకుని దాంతో మాట్లాడతాడు. అప్పటికి కొడుకు పుట్టాడో లేదో అతనికి తెలియదు. ఆ అంకంలోనే సముద్రంలో పోయిన ధనమిత్రుడనే వ్యాపారి ఆస్తి తగువు వస్తుంది, అతని భార్యల్లో ఒకామె గర్భవతి అని తెలిసి, కడుపులో బిడ్డకే ఆస్తి చెందుతుందని రాజు తీర్పిస్తాడు, వెంటనే తనకి పిల్లలు లేరన్న బాధతో కూలబడిపోతాడు. అంటే ఆమె మీద ప్రేమా, తండ్రి కావాలన్న ఆశా రెండూ వేరువేరుగా ముందే మన కళ్ళ ముందు పెట్టాడు. ఏడో అంకంలో సింహం పిల్ల నోరు తెరిచి పళ్ళు లెక్కపెడుతున్న పిల్లవాడు కనిపిస్తాడు. అతని చేతి నుంచి కింద పడిన రక్షని (తాయెత్తుని) తల్లిదండ్రులు కాక ఇంకెవరు ముట్టుకున్నా పామై కాటేస్తుంది, రాజు తీసినా ఏమీ కాలేదు కాబట్టి తండ్రి అని తేలింది. అక్కడ నాటకం ఆగిపోలేదు. ఆ తర్వాత శకుంతల ఒంటి జడతో, మాసిన చీరతో వస్తుంది, రాజు ఆమె కాళ్ళ మీద పడతాడు. బిడ్డ సంగతి ముందు తేలింది, భార్య సంగతి తర్వాత తేలింది.

నాట్యశాస్త్రం రాసిన భరతుడు చెప్పిన అయిదు సంధుల్లో, అంటే నాటక కథలోని అయిదు భాగాల్లో, మూడోదైన గర్భసంధిని ఎలా వివరించాడంటే, కోరుకున్నది దొరకడం, చేజారడం, మళ్ళీ వెతకడం. నీ సీమంతం సీన్ సరిగ్గా అదే. దొరికినట్టే దొరికి చేజారింది. వెతుకులాట రాయి ఇప్పుడు.

కాడుగోడి_కథలు

మాస్టారూ, ధన్యవాదాలు. ఆరో అంకం గురించి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. అయితే నాకూ పాప ప్రస్తావన రాకుండా సుధీర్ ప్రేమ కనపడే సీన్లు కావాలి, అవి కాన్పుకి ముందే నాటాలి.

సీన్_పేపర్

నీ దగ్గర ఉన్నాయి తమ్ముడూ, వాడి పనిలోనే ఉన్నాయి. కర్రీ పాయింట్ వాడు. మొదటి మూడు నెలల్లో ఆమెకి పోపు వాసన పడదు. వాడి చొక్కా, జుట్టు, చేతులు అన్నీ అదే వాసన. ఆమె ఫ్లాట్‌కి రావాలంటే రాత్రి కొట్టు కట్టేసి స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలి. మొదట్లో ఆమె ముక్కు మూసుకుని తలుపు వేసేస్తే వాడు మెట్ల మీద కూర్చుని ఫోన్లో మాట్లాడతాడు, తలుపుకి అటు ఆమె, ఇటు వాడు. అది మంచి కామెడీ, మెల్లగా ప్రేమ కూడా. నాలుగో నెల దాటి ఆమెకి వాంతులు తగ్గాక కూడా వాడు స్నానం చేసే వస్తుంటాడు, ఆమె ఇప్పుడు అక్కర్లేదని చెప్పదు. ఆఖర్లో ఒక రోజు పోపు వాసనతోనే నేరుగా వచ్చేయమంటుంది. ఒక్క ముక్క ప్రేమ డైలాగ్ లేకుండా సెటప్ (ముందు నాటడం), పే ఆఫ్ (తర్వాత దాని ఫలితం) రెండూ అయిపోయాయి.

గేటు దగ్గర ఇంకోటి. సెక్యూరిటీ అతను యాప్‌లో రోజూ సుధీర్‌ని డెలివరీ అని ఎంట్రీ వేస్తాడు, చేతిలో క్యారియర్ ఉంటుంది కదా. కొన్నాళ్ళకి గెస్ట్. ఫ్యామిలీ అని ఎప్పుడు వేయాలో, ఎవరు చెప్తే వేయాలో నువ్వే చూసుకో.

బీటీఎమ్_బ్యాచిలర్

సరే, కాన్పు 95కి తేవడం ఇప్పుడు నాకూ ఓకే, డాక్టర్ గారి తిరుగు ప్రయాణం ఐడియాతో నా పరుగు నాకొచ్చింది. కానీ సెకండాఫ్‌లో ఒక అడ్డంకి తగ్గింది అనిపిస్తోంది. ఆమె పాత క్లాస్‌మేట్ ఎవరైనా అమెరికా నుంచి వచ్చి, నేను పెళ్ళి చేసుకుంటాను, పాపని నా పాపలా చూసుకుంటాను అంటే? సుధీర్‌కి మంట పుడుతుంది, కథ కదులుతుంది.

హెబ్బాళ_రీడర్

అయ్యో వద్దండి. మూడో మనిషి వస్తే భార్గవి ఇద్దరిలో ఒకర్ని ఎంచుకోవాల్సిన బహుమతి అయిపోతుంది, ఆమె అడిగిన ప్రశ్న పక్కకి పోతుంది. అడ్డంకి కథలో మొదటి నుంచీ ఉంది కదా, హిందూపురమా బెంగళూరా అని. వీళ్ళు విడిపోయిందే దాని మీద. అది అపార్థం కాదు, ఒక మాటతో తీరదు. రొమాంటిక్ కామెడీల్లో చాలావాటిని పాడుచేసేది అయిదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే గొడవే. మీకు అదృష్టవశాత్తూ నిజమైన గొడవ ఉంది, దాన్ని పాప పుట్టుక వెనకాల దాచకండి. మెటర్నిటీ లీవు 2017 సవరణ తర్వాత 26 వారాలు, అది అయిపోయాక ఆమె ఆఫీసుకి వెళ్ళాలి. అతనికి ప్రైవేటు రంగంలో పితృత్వ సెలవు ఇచ్చే చట్టమే లేదు, పైగా సొంత కొట్టు, ఒక పూట మూస్తే ఆ పూట రాబడి పోయినట్టే. ఎవరు ఎక్కడ ఉంటారు, పాప పగలు ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి రొమాన్స్‌కి అడ్డొచ్చే బోర్ విషయాలు కాదు. ఈ కథలో రొమాన్స్ అంటే ఇవే.

వైట్‌ఫీల్డ్_అమ్మ

పూర్తిగా ఏకీభవిస్తాను. దీని మీద ఇంకో మెట్టు ఎక్కండి. పాప పుట్టాక వాళ్ళ ఒప్పందం చక్కగా నడవాలి. గొడవలతో నడిస్తే కలిసి ఉంటే తీరిపోతుందిలే అనిపిస్తుంది, మళ్ళీ పాప కోసమే కలిసినట్టవుతుంది. అలా కాకుండా రాత్రి రెండు నుంచి అయిదు అతని డ్యూటీ, టీకాల కార్డు అతని దగ్గర, అమ్మమ్మ ఒక గదిలో, నాయనమ్మ వారానికోసారి హిందూపురం రైల్లో వచ్చి వెళ్ళడం, అన్నీ అమరిపోవాలి. పాపకి ఏ లోటూ లేదు. పెళ్ళి ఎవరికీ అవసరం లేదు. అప్పుడు వాళ్ళకి ఒకళ్ళ మీద ఒకళ్ళకి బెంగ పుడితే దానికి వేరే కారణం ఏమీ ఉండదు.

బెంగ తీర్చుకునే దారి మాత్రం మన పెద్దవాళ్ళు ఉండనివ్వరు. బాలింత గడప దాటకూడదు, తలకి గాలి తగలకూడదు, చెవుల్లో దూది. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఇద్దరమ్మలు. పాప లేకుండా, పాప గురించి మాట్లాడకుండా ఒక్క గంట ఇద్దరూ ఎక్కడ కూర్చోగలరు? ఆ గంట సంపాదించుకోవడమే మీ మూడో భాగం. అమ్మమ్మ కళ్ళుగప్పి టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కలవడం, అక్కడికి చేరాక కూడా మొదటి పావుగంట పాప పాలు తాగిందా, ఎన్నిసార్లు తడిపింది అనే మాటలే రావడం, ఆ తర్వాత ఇద్దరూ పాప మాట ఎత్తకూడదని ఒట్టు పెట్టుకోవడం.

డ్యూటీ_డాక్టర్

ఆ సీన్‌లో ఆమె అలసిపోయి ఉండాలి, అది మర్చిపోకండి. ఆ రోజుల్లో బిడ్డకి రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. మేకప్‌తో మెరిసే బాలింతని చూపిస్తే నమ్మరు. ఇంకోటి, కాన్పయిన మూడు నాలుగు రోజులకి కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో తగ్గుతుంది. దాన్ని సుధీర్ తన మీద కోపం అనుకోవడం కామెడీగా రాసుకోవచ్చు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది వైద్యం కావాల్సిన డిప్రెషన్, దానితో మాత్రం ఆడుకోవద్దు.

లా_పాయింట్

టెర్రస్ మీద ఎవరు ఎవర్ని అడుగుతారు? సీమంతంలో అతను అందరి ముందూ అడిగాడు, ఆమె వద్దంది. ఈసారి ఆమె, ఎవరూ లేని చోట అడిగితే బాగుంటుందని నా ఓటు.

సీన్_పేపర్

నాదీ అదే ఓటు. కానీ పెళ్ళి చేసుకుందామా అని అడిగించకు. ఇంటర్వెల్‌లో ఆమె వేసిన ప్రశ్నకి వాడి దగ్గర ఇప్పుడు జవాబు ఉందో లేదో ఆమె తెలుసుకోవాలి. వాడే ముందు చెప్పాలి, మాటల్లో కాదు. హిందూపురంలో చూసిపెట్టుకున్న షాపు అడ్వాన్స్ వాడు సీమంతానికి ముందే వెనక్కి తీసుకున్నాడని ఆమెకి వేరే ఎవరి ద్వారానో తెలిస్తే?

హెబ్బాళ_రీడర్

అది సగమే ఒప్పుకుంటాను. వాడొక్కడే వదులుకుంటే వాడు దేవుడైపోతాడు, ఆమె బాకీ పడుతుంది, ఇంకో రకం ఇబ్బంది. ఆమె కూడా ఏదో ఒకటి వదులుకోవాలి. పూర్తిగా బెంగళూరు వదలక్కర్లేదు. హిందూపురం రైలెక్కితే పూట కూడా పట్టని దూరం, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పని చేసే ఉద్యోగం ఆమెది. ఇద్దరూ చెరో సగం దూరం నడిచి, ఆ సగం ఎక్కడ అన్నదాని మీద మళ్ళీ వాదులాడుకుంటూ ఉంటే అది వాళ్ళిద్దరి ముగింపు.

నాటకాల_మాస్టారు

ముగింపులో పెళ్ళి ఉందా లేదా బాబూ? నాటకం ఆడించే మనిషిగా అడుగుతున్నాను. కామెడీ అన్నాక చివర్లో అందరూ ఒక్కచోట చేరి భోజనం చెయ్యాలి, గొడవపడ్డవాళ్ళతో సహా. నీకు బారసాల ఉంది కాబట్టి ఆ సమూహం దక్కింది. పెళ్ళి లేకపోయినా నాకు అభ్యంతరం లేదు. కానీ పాప పేరు అక్కడ తేలాలి.

కాడుగోడి_కథలు

పెళ్ళి చూపించను మాస్టారూ. తండ్రి పేరు డిశ్చార్జి దగ్గరే తేలిపోయింది, టెర్రస్ మీద ఇద్దరి మాటా తేలింది, బారసాల ఆ రెండింటి తర్వాత 21వ రోజు. వంట సుధీర్ కొట్టు నుంచే. హెబ్బాళ గారు చెప్పిన చెరో సగం నాకు బాగా నచ్చింది, అడ్వాన్స్ వెనక్కి తీసుకోవడం తీసేస్తున్నాను. దాని బదులు టెర్రస్ మీద ఇద్దరూ ఫోన్లో రైలు టైములు చూసుకుంటూ లెక్కలు వేస్తారు, అదే లవ్ సీన్. గేటు దగ్గర ఫ్యామిలీ అని ఎంట్రీ వేయమని భార్గవి అమ్మ చేత చెప్పిస్తాను. ఆమె తెలుగులో అరుస్తుంది, సెక్యూరిటీ అతను కన్నడంలో అడుగుతాడు, ఇద్దరికీ ఆ ఒక్క మాటే అర్థమవుతుంది.

మిగిలిన చిక్కు ఒకటే. ఇంటర్వెల్ 70కి, కాన్పు 95కి. మధ్యలో 25 నిమిషాలు ఇద్దరూ ఒకరినొకరు తప్పించుకుంటూ ఉండాలి, అయినా స్కానింగులకి కలిసే వెళ్ళాలి. ఏడో నెల తర్వాత ఏమేం చెకప్‌లు ఉంటాయి డాక్టర్ గారూ?

డ్యూటీ_డాక్టర్

28 వారాల దాకా నెలకోసారి, ఆ తర్వాత రెండు వారాలకోసారి, 36 దాటాక ప్రతి వారం. అంటే వాళ్ళు తప్పించుకోవాలని చూసేకొద్దీ ఎక్కువసార్లు కలవాల్సి వస్తుంది. వెయిటింగ్ హాల్లో పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి రాయడం మొదలుపెట్టండి, టోకెన్ నంబర్ ఎప్పుడూ చాలా వెనకే ఉంటుంది.